పొదిలోంచి డబ్బాలోకి

తెలుగు పల్లెల్లో చాలాకాలం గడ్డం గీయించుకోవడమే గాని గీసుకోవడం లేదు. క్షురకులు పొది చంకన పెట్టుకుని వాడుక ఇళ్ళకు వచ్చేవారు. మడత కత్తి, సానరాయి, తోలుపట్టీ, కత్తెర, నీళ్ళ గిన్నె అందులోనే. పని వీధి అరుగు మీదో వేపచెట్టు కిందో జరిగేది. కూలి డబ్బు రూపంలో కాక, పంట నూర్చినప్పుడు కళ్ళంలో మేరగా గింజల రూపంలో ముట్టేది. మంగళవారం, శుక్రవారం క్షవరం పనికిరాదనేవారు. అయ్యాక మైల, నీళ్ళు పోసుకోనిదే గడప లోపలికి రానిచ్చేవారు కాదు.

కత్తి మగవాడి సొంత చేతికి రావడానికి అసలు కారణం బ్లేడు. మడత కత్తిని రోజూ నూరుకోవాలి. అది చేయి తిరిగినవాళ్ళకే సాధ్యం. పలచని ఉక్కు రేకుకు అంచు పెట్టి, మొద్దుబారగానే పారేసే ఉపాయంతో కింగ్ క్యాంప్ జిలెట్ 1901లో బోస్టన్‌లో కంపెనీ పెట్టాడు. అంత పలచని రేకు వంకర పోకుండా గట్టిపడేలా చేసిన ఇంజనీరు విలియం నికర్సన్. 1903లో అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. పేటెంటు 1904లో వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులకు రేజర్లు పంచడంతో అలవాటు లోకమంతా పాకింది.

మనదగ్గర దీన్ని ముందు పట్టుకున్నది రోజూ కచేరీకో బడికో నున్నటి గడ్డంతో వెళ్ళాల్సిన పట్నవాసులు. మొదట్లో బ్లేడ్లు మామూలు ఉక్కువి, తడి తగిలితే తుప్పు పట్టేవి. 1962లో విల్కిన్సన్ స్వోర్డ్ స్టెయిన్‌లెస్ బ్లేడు తెచ్చాక ఆ బెడద తగ్గింది. భారత్, అశోక్, పనామా, టోపాజ్ వంటి దేశీ బ్లేడ్ల పొట్లాలు కిరాణా కొట్లలోకీ చేరాయి.

నాన్నల షేవింగు డబ్బాలో ఉండేవి కొద్ది వస్తువులే: మూడు ముక్కలుగా విడిపోయే రేజరు, బ్రష్షు, సబ్బు బిళ్ళ లేదా క్రీము ట్యూబు, పటిక ముక్క. కత్తి ఇంటికొచ్చింది గాని మైల పట్టింపు దాన్ని వసారా దాటనివ్వలేదు. చాలా ఇళ్ళలో డబ్బా చోటు నూతి దగ్గర గూడో, వసారా కిటికీయో. కిటికీ ఊచకు అద్దం తగిలించేవారు. కాగులోంచి వేణ్ణీళ్ళు గ్లాసులో తెచ్చివ్వడం పిల్లల వంతు. అందుకు జీతం ముక్కు మీద ఇంత నురగ. బుగ్గ లోపల్నుంచి నాలుకతో పొంగించి, చర్మం సాగదీసి, మొదట వెంట్రుక వాలున, మళ్ళీ సబ్బు పూసి ఎదురుగా గీసేవారు. గొంతు దగ్గరికి వచ్చినప్పుడు ఎవరేమడిగినా సమాధానం "ఊఁ" ఒక్కటే. గాటు పడితే పటిక రుద్దడం. చురుక్కుమన్నా నెత్తురు ఆగేది.

బ్లేడును కడిగి, ఆరబెట్టి, మళ్ళీ దాని కాగితంలోనే చుట్టేవారు. మొద్దుబారితే గాజుగ్లాసు లోపలి గోడకు అదిమి అటూ ఇటూ రుద్దేవారు. ఇది లోభమనలేం, నెల జీతాల ఇళ్ళలో బ్లేడూ లెక్కలోదే. గడ్డానికి పనికిరానిది పిల్లల పెన్సిళ్ళకీ, దర్జీ కుట్లు విప్పడానికీ పోయేది.

రెండంచుల బ్లేడును వెనక్కి నెట్టింది ప్లాస్టిక్ పిడి రేజర్లు. 2010లో మన మార్కెట్ కోసమే 15 రూపాయలకు జిలెట్ గార్డ్ వచ్చింది. ఇళ్ళలో తగ్గినా బ్లేడు మరోచోట నిలిచింది. ఎయిడ్స్ భయం పెరిగాక మంగలి షాపులు ఒకే కత్తిని అందరికీ వాడడం మానేశాయి. ఇప్పుడు కుర్చీలో కూర్చున్నవారి ఎదుటే కొత్త బ్లేడును కాగితంతో సహా నిలువునా రెండుగా విరిచి, ఒక సగాన్ని కత్తి పిడిలోకి దూర్చి పని మొదలుపెడతారు.