మొలలే అనుకున్న జబ్బు

సూళ్లూరుపేటలో పెద్ద జబ్బు చేస్తే మద్రాసు రైలెక్కడం మా తాతల నాటి అలవాటు. శ్రీహరికోటలో 1971 అక్టోబర్ 9న తొలి రోహిణి రాకెట్ ఎగిరింది. అప్పటికీ, ఆ తర్వాత చాలాకాలానికీ పులికాట్ సరస్సు దాటి వచ్చిన రోగి పట్టిన దారి అదే. క్యాన్సర్ అని అనుమానం తగిలితే అడయారు. ఆ అడయారు ఆసుపత్రి పుట్టుక వెనక పేగు క్యాన్సర్‌తో పోయిన ఓ ఆడపిల్ల ఉందని మా వైపు ఎంతమందికి తెలుసు?

ఆమె డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి చెల్లెలు. 1920ల మొదట్లో రక్తం పడుతుంటే జిగట విరేచనాలనుకుని మందులిచ్చారు. పురీషనాళానికి క్యాన్సర్ సోకిందని తేలేసరికి చెయ్యి దాటిపోయింది. అక్క చూస్తే 1912లో మద్రాసు మెడికల్ కాలేజీలో పట్టా పుచ్చుకున్న వైద్యురాలు. ఇంట్లో డాక్టరు ఉండి కూడా చెల్లెలు దక్కలేదు. ఆ దుఃఖమే ఆమెను ఏళ్ల తరబడి చందాల కోసం తిప్పింది. 1954లో 12 పడకలతో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది.

మా పెదనాన్నను అక్కడికే తీసుకెళ్లాం. అంతకుముందు ఏడాదికి పైగా ఆయన మొలలంటూ పసరు మందు తాగాడు. అప్పటికే జబ్బు కాలేయానికి పాకింది. ఆయన పోయాకే నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరాను. రిటైరయ్యేదాకా ఈ చుట్టుపక్కలే పనిచేశాను.

మేం మొదట నేర్చుకున్నది బెంజిడిన్ పరీక్ష. కొంచెం మోషన్ నీళ్లలో కలిపి, మరిగించి, చల్లార్చాలి. వేరే గాజు గొట్టంలో చిటికెడు బెంజిడిన్ పొడిని గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్‌లో కరిగించి, దాంట్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయాలి. రెండూ కలిపినప్పుడు కంటికి ఆనని రక్తం ఉంటే ఆకుపచ్చ, నీలం రంగు తేలేది. యాసిడ్ ఘాటుకు కళ్లు మండేవి. తిన్న మాంసంలోని రక్తానికి కూడా రంగు వచ్చేది కాబట్టి, పరీక్షకు మూడు రోజుల ముందు నుంచీ నీచు ముట్టొద్దని చెప్పేవాళ్లం. పులికాట్ ఒడ్డున కాపురమున్నవాళ్లను చేపలు మానమంటే వింటారా! తర్వాత ఆ బెంజిడినే మూత్రాశయ క్యాన్సర్ తెస్తుందని రంగుల ఫ్యాక్టరీ కార్మికుల మీద రుజువై, ల్యాబుల నుంచి దాన్ని తీసేశారు. క్యాన్సర్ జాడ వెతకడానికి క్యాన్సర్ తెచ్చే పొడినే వాడామన్న మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

గ్వాయకం చెట్టు బంకతో రక్తం పట్టే పద్ధతి 1864 నుంచీ ఉంది. 1960ల చివర్లో అమెరికాలో గ్రీగర్ అనే వైద్యుడు దాన్ని అట్టముక్కల మీదికి తెచ్చి, లక్షణాలు లేనివాళ్లలో పేగు క్యాన్సర్ పట్టుకున్నాడు. 1965లో మాంట్రియల్‌లో గోల్డ్, ఫ్రీడ్‌మన్ పేగు క్యాన్సర్‌లో పెరిగే సీఈఏ అనే ప్రోటీన్‌ను కనిపెట్టారు. వైద్యం చేయించుకున్నవాళ్లలో జబ్బు తిరగబెట్టిందా అని చూడటానికి అది పనికొస్తుంది. తొలిదశ పట్టడంలో దాన్ని నమ్ముకోలేం.

ఆ తొలిదశ పట్టడానికి ఇప్పుడు చాలామంది పరిశోధకులు చూస్తున్నది మైక్రో ఆర్ఎన్ఏల వైపు. ఇరవై రెండు అక్షరాలకు అటూ ఇటూ ఉండే ఈ పోగులు ఏ జన్యువు ఎంత పనిచేయాలో అదుపు చేస్తాయి. 1993లో ఆంబ్రోస్, రవ్‌కున్ ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగులో మొదటిదాన్ని గుర్తించారు. 2024లో నోబెల్ అందుకున్నారు. పేగు క్యాన్సర్ కణాల్లో 143, 145 నంబర్ల మైక్రో ఆర్ఎన్ఏలు తగ్గిపోతాయని 2003లో తేలింది. 21 నంబరుది ఎక్కువగా ఉన్న పెద్దపేగు రోగులు తక్కువ కాలం బతుకుతున్నారని 2008లో చూశారు. అదే ఏడాది, ఇవి ప్లాస్మాలో చెడకుండా నిలుస్తాయని రుజువైంది. మరుసటి ఏడాది హాంకాంగ్ వైద్యులు, పేగు క్యాన్సర్ రోగుల ప్లాస్మాలో 92ఏ నంబరుది పెరిగి ఉందనీ, ఆపరేషన్ తర్వాత తగ్గిందనీ చూపించారు.

ఇక్కడే నా వృత్తి అనుభవం మాట్లాడుతుంది. 92ఏ ఎర్ర రక్తకణాల్లో కూడా దండిగా ఉంటుంది. సన్నసూదితో లాగి, సిరంజి నుంచి ట్యూబులోకి బలంగా చిమ్మితే కణాలు పగులుతాయి. లేత పసుపు రంగులో తేరాల్సిన ప్లాస్మా గులాబీ రంగుకు తిరుగుతుంది. అప్పుడు క్యాన్సర్ లేనివాడికీ అంకె పెరిగి కనిపించొచ్చు. మే నెల ఎండలో బస్సులో కుదుపులు తిన్న శాంపిళ్లు అలా పాడవడం ఎన్నోసార్లు చూశాను. పైగా 21 నంబరు ఇతర క్యాన్సర్లలో, వాపులో కూడా పెరుగుతుంది. అందుకే ఇవి ఇంకా మన ఆసుపత్రుల్లో మామూలు పరీక్షగా రాలేదు. వస్తాయనే నా నమ్మకం. కానీ రక్తం తీసే చేతికి శిక్షణ, శాంపిల్ చల్లగా చేరే దారి ముందు ఉండాలి.

ఇప్పుడు మద్రాసు ఒక్కటే దిక్కు కాదు. తిరుపతిలో 1993 నుంచి స్విమ్స్ ఆసుపత్రి ఉంది. 2022లో టాటా ట్రస్టులు, టీటీడీ చేయూతతో క్యాన్సర్ ఆసుపత్రి వచ్చింది. అయినా ప్రభుత్వ స్క్రీనింగ్‌లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి గానీ పెద్దపేగు లేదు. అది చేర్చాలి. అంతవరకూ నాదొక్క విన్నపం: మోషన్‌లో రక్తం కనబడితే మొలలని మీకు మీరే తేల్చుకోకండి. పసరు మందు పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి. కొలనోస్కోపీ చేయించుకోమంటే సిగ్గుపడకుండా చేయించుకోండి.