చేప దొరికిన చోటు

మా తాతది ఉద్దానంలోని బారువ. 1960ల్లో మద్రాసు వెళ్లి ఓడెక్కి, మూడు రోజులు కడుపులో ఏదీ నిలవక, పోర్ట్ బ్లెయిర్‌లో దిగాడు. ఒక్క హిందీ ముక్క రాదు. అయినా మూడు నాలుగేళ్లు తిరిగేసరికి అక్కడి జంగ్లీఘాట్ రేవులో ఆయన మాటకు విలువ వచ్చింది. అందరికంటే ఎక్కువ చేప పట్టినందుకు కాదు.

ఈ ఊరికి మనిషి పేరుతో పాత పేచీ ఉంది. 1858 మార్చిలో ఖైదీలను దించినప్పటి నుంచి చాలాకాలం ఇక్కడ మనిషంటే మెడలో వేలాడే చెక్కబిళ్ళ, దాని మీద నంబరు. అల్లూరి అనుచరుడు గాం మల్లుదొర కూడా ఇక్కడ శిక్ష అనుభవించినవాడే. తిరిగి వెళ్లాక 1952లో విశాఖ నుంచి లోక్‌సభకు గెలిచాడు. అది దొర కథ. స్వాతంత్ర్యం తరవాత శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చిన వాడబలిజలు, జాలార్లు తమ పేరు తామే సంపాదించుకోవాల్సి వచ్చింది.

బారువలో ఇసుక అడుగు. వల వేస్తే నేల మీద పరుపులా పరుచుకుంటుంది. ఇక్కడ అడుగంతా పగడపు బండలు, వల దింపితే పీలికలే. అందుకే గాలమే గతి. గాలానికి చోటు తెలియాలి. ఏ బండ ఎక్కడుందో, పోటులో చేప ఏ పక్కకు జరుగుతుందో, పాటులో ఎక్కడికి దిగుతుందో పట్టుకోవాలి. తాత లెక్కంతా గుర్తులతోనే: ఈ పక్క రాస్ దీవి కొన, ఆ పక్క హారియట్ కొండ, రెండు చూపులూ కలిసిన చోట లంగరు.

మామూలుగా అలాంటి గుర్తు దొరికినవాడు నోరు కుట్టేసుకుంటాడు. తాత మాత్రం సాయంత్రం ఒడ్డున కూర్చుని చెప్పేసేవాడు. తమిళులకీ, మలయాళీలకీ కూడా, వచ్చీరాని హిందీలో, ఇసుకలో గీతలు గీసి. నానమ్మ తిట్టేది. ఆయన జవాబు మా ఇంట్లో అందరికీ కంఠతా:

“సేప దొరికిన సోటు సెప్పకపోతే, రేపు నాను తిరిగి రాకపోతే నన్నెతకడానికి ఎవుడెక్కడికొస్తాడే?”

ఇందులో ధర్మబుద్ధి ఎంతో, భయం ఎంతో నేను తేల్చలేను. ఫలితం మాత్రం కనిపించింది. చెప్పినవాడికి చెప్పేవాళ్లు తయారయ్యారు. సూర చేపల గుంపు ఎటు కదిలిందో ముందు మా ఇంటికే తెలిసేది. పడవకు మనిషి కావాలంటే తాతనే అడిగేవారు. ఆయన ఊరికి ఉత్తరం రాయించేవాడు. వచ్చినవాడు తప్పుచేస్తే ఆ మాట తాత మీదికే వచ్చేది గనక, ఎవరిని పడితే వారిని పిలవలేదు. అలా ఒక్కో ఉత్తరంతో ఒక్కో కుటుంబం వచ్చింది. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. అందులో ఇలాంటి ఉత్తరాల వాటా ఎంతో ఎవరు లెక్కపెట్టారు?

2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. దక్షిణ అండమాన్‌లో నేల సుమారు మీటరు కుంగింది. సిప్పీఘాట్ పొలాల్లోకి ఉప్పునీళ్లు వచ్చి ఉండిపోయాయి. ఒడ్డున నీటి గీతలు మారిపోయాయి. పడవలు పోయినవాళ్లు మిగిలిన పడవల్లో కలిసి వెళ్లారు, తెలిసిన గుర్తులన్నీ ఒకరికొకరు మళ్లీ చెప్పుకున్నారు. ఇప్పుడు జీపీఎస్ ఉంది. గుర్తు అంకెలయింది, అంకెలు జేబులోకి వెళ్లాయి. ఒడ్డున గీతలు గీసేవాళ్లు కనబడరు.

తాతను మరీ దేవుణ్ణి చేయను. ఒక్క గుర్తు ఆయన ఎవరికీ చెప్పలేదు, మా నాన్నకు కూడా. చివరి రోజుల్లో ఒక మలయాళీ ఇంజిన్ మిస్త్రీకి చెప్పాడట. ఒక తుఫాను రాత్రి తాత కోసం పడవ తీసింది అతనొక్కడే. ఇప్పుడు అతని కొడుకు అక్కడ గాలం వేస్తున్నాడు. నెలకో రెండు నెలలకో మా ఇంటికి ఒక కోనాం పంపిస్తాడు. చోటు అడిగితే నవ్వుతాడు తప్ప చెప్పడు.