పద్నాలుగు జేబుల సంచీ

మశూచి రోజుల్లో టీకా రికార్డు మనిషి ఒంటిమీదే ఉండేది. ఊళ్లోకి వచ్చిన టీకాలవాళ్లు చెయ్యి చూపించమని అడిగి మచ్చ వెతికేవారు. మా అమ్మమ్మ భుజం కింద పావలాకాసంత మచ్చలు రెండుండేవి. కాగితం అక్కర్లేకుండానే ఆవిడ లెక్క తేలిపోయేది. 1880 నాటి టీకాల చట్టం అమలైన పట్టణాల్లో మాత్రం, టీకా పట్టిందో లేదో మళ్లీ చూసి ధ్రువపత్రం ఇచ్చేవారు.

1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమం వచ్చాక మచ్చ చాలలేదు. బీసీజీ మచ్చ మిగులుతుంది గానీ పోలియో చుక్కలకు ఆనవాలేదీ? టీకాలన్నీ కలిపి పుట్టగానే ఒకసారి, ఆపైన ఆరు, పది, పద్నాలుగు వారాలకు, మళ్లీ తొమ్మిది నెలలకు. ఇన్ని గడువులు గుర్తుండాలంటే చేతిలో కార్డు ఉండాల్సిందే.

ఈ కథలో నా మనసు ఆగేది ఊళ్లో టీకాలు వేసే నర్సమ్మ, అంటే ఏఎన్ఎం దగ్గరుండే గుడ్డసంచీ మీద. దానికి 14 జేబులు. నెలకొకటి చొప్పున పన్నెండు. కార్డు తల్లికిచ్చి, దాని రెండో ముక్క చింపి నర్సమ్మ తన దగ్గర ఉంచుకుంటుంది. బిడ్డకు జూన్‌లో టీకా ఉంటే ముక్క జూన్ జేబులోకి వెళ్తుంది. సూది వేశాక వచ్చే గడువు నెలకు మారుతుంది. నెలాఖరుకు జేబులో మిగిలిపోయిన ముక్కలే రాని పిల్లలు. వాళ్ల ఇళ్లకు తనే వెళ్లాలి. టీకాలన్నీ పూర్తయినవాళ్లకు ఒక జేబు, ఊరు విడిచినవాళ్లకూ చనిపోయినవాళ్లకూ కలిపి ఒక జేబు.

ఆ చివరి జేబు నన్ను బాధపెడుతుంది. పాలమూరు నుంచి ముంబయి పనులకు వెళ్లిన కూలీ బిడ్డ బతికే ఉన్నా ముక్క అందులోనే చేరుతుంది. కార్డేమో ఊళ్లో ట్రంకుపెట్టెలో ఉంటుంది. అక్కడి ఆస్పత్రి నర్సుకు ఏ డోసు పడిందో చెప్పేదెవరు?

2009లో మొదలైన ఎంసీటీఎస్ (మదర్ అండ్ చైల్డ్ ట్రాకింగ్ సిస్టమ్)తో తల్లీబిడ్డల వివరాలు పేరుపేరునా కంప్యూటర్‌కెక్కాయి. అంతకుముందు పైకి వెళ్లేవి అంకెలే. 2016లో ఆంధ్రప్రదేశ్ ఏఎన్ఎంల చేతికి అన్‌మోల్ యాప్‌తో ట్యాబ్‌లు వచ్చాయి. 2021లో కోవిడ్ టీకాలకు కొవిన్ పోర్టల్ వచ్చింది. ఆ బాటలోనే పిల్లలకూ గర్భిణులకూ యూవిన్ వచ్చింది. పుట్టిన ఆస్పత్రిలో వేసిన తొలి డోసులు అందులో నమోదైతే, తర్వాతి డోసు ఏ రాష్ట్రంలోనైనా వేయించుకోవచ్చు. గడువు దగ్గరపడితే ఫోన్‌కు సందేశం వస్తుంది.

వలసవెళ్లిన తల్లి సిమ్ మార్చేస్తే ఆ సందేశం ఎక్కడికీ చేరదు. అప్పుడు రానివాళ్ల జాబితా పట్టుకుని ఆశ కార్యకర్త ఇటుకబట్టీల దాకా నడవాల్సిందే.