పుంగనూరు ఆవు

తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1వ తేదీకి పూర్వము చిత్తూరు జిల్లాలోనిది. పటాస్కరు తీర్పు ననుసరించి అది మదరాసు రాష్ట్రమున చేరినది. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడగా అందులో భాగమైనది. మేము గుమాస్తాగిరి చేసిన కాలమున ‘చిత్తూరు జిల్లా’ అను శీర్షిక గల పాత కాగితములు పెక్కు మా చేతులమీదుగా సాగినవి. కావున ఆ జిల్లాకు పడమటి అంచున నుండిన పుంగనూరును, దాని పేర వెలసిన పశుజాతిని మేము పరాయివిగా తలచజాలము.

పుంగనూరు ఆవు మిక్కిలి పొట్టిది. ఎత్తు సుమారు మూడడుగులు. బరువు 115 మొదలు 200 కిలోల వరకు ఉండును. విశాలమైన నొసలు, కురుచ కొమ్ములు, నేలను తాకు తోక దాని గుర్తులు. అనావృష్టి నోర్చి ఎండు మేతతోనే బ్రదుకగలదు. దినమునకు మూడు మొదలు ఐదు లీటర్ల వరకే పాలిచ్చును గాని, ఆ పాల చిక్కదనము ప్రసిద్ధము. ఎద్దులు తేలికనేలల సేద్యమునకు ఉపకరించెడివి.

ఇట్టి జాతి ఏల క్షీణించెను? అధికముగా పాలిచ్చు జెర్సీ, హోల్‌స్టీన్ జాతులతో సంకరము వ్యాపించెను. సేద్యమున ట్రాక్టర్లు ప్రవేశించెను. సంసారము గడుపుకొనవలసిన రైతును తప్పుపట్టుట న్యాయము కాదు. అయితే మేలైన ఆబోతులు కరవగుటతో ఆవులున్న ఇండ్లలో సైతము జాతి నిలువలేదు. పలమనేరులోని పశుపరిశోధన కేంద్రము ఒక మందను కాపాడుచుండుట మన అదృష్టము.

2024 సంక్రాంతి సందర్భమున ప్రధానమంత్రి ఢిల్లీలోని తన నివాసమున ఈ ఆవులకు మేత తినిపించిన చిత్రములు దేశమంతట ప్రచారమయ్యెను. నేడు వీని ధర లక్షలలో పలుకుచున్నది. ఆదరణ సంతోషకరమే, కాని ఇందులోనే మరియొక అపాయము పొంచియున్నది. పొట్టిదంతయు పుంగనూరు కాదు. ముచ్చట కొరకు ఇంకను పొట్టిగా కావలెనని ఏ పొట్టిపశువుతోనైన కలిపినచో పేరు మిగులును గాని జాతి మిగులదు.

జీవితమంతయు రిజిస్టర్లు వ్రాసిన మాకు తోచు ఉపాయమొకటే. ప్రతి దూడకును తల్లి యెవరు, తండ్రి యెవరు, ఏనాడు పుట్టినది అను లెక్క వ్రాసియుంచవలెను. మన బంధువులలో ఎవరైనను ఈ ఆవును కొనదలచినచో ధర కంటె ముందు ఆ లెక్క నడుగవలెను. లెక్క చూపలేనివారి యొద్ద కొనరాదు. జిల్లాల సరిహద్దులు కాగితముపై మారును, మరల మారవచ్చును. తెగిన వంశమును మాత్రము ఏ కాగితమును తిరిగి తేలేదు.