వల్కనీకరణం – మలయా రబ్బరు తోటల్లో తెలుగు కూలీలు

తెలుగువారి మలయా వలసకు కరువు, అప్పు, కంగాణీ అనే మూడు కారణాలను చెప్పడం పరిపాటి. ఇవి ఊరు విడిచిన తీరును వివరిస్తాయి గాని, అక్కడ అన్ని చేతులు ఎందుకు అవసరమయ్యాయో చెప్పవు. ఆ జవాబు కొంతవరకు రసాయనశాస్త్రంలో ఉంది.

ముడి రబ్బరులోని పాలీఐసోప్రీన్ అణువులు పొడవైన గొలుసులు. వాటి మధ్య గట్టి బంధాలు లేనందున వేడికి ఒకదానిపై ఒకటి జారి రబ్బరు జిగురవుతుంది, చలికి బిగుసుకుపోతుంది. 1830లలో అమెరికాలో తయారైన రబ్బరు బూట్లు, కోట్లు వేసవిలో కరిగి కంపు కొట్టగా ఆ పరిశ్రమే దాదాపు కుప్పకూలింది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి వేడిచేసి దీనికి పరిష్కారం కనుగొన్నాడు. ఇంగ్లండులో థామస్ హాంకాక్ 1843లో పేటెంటు కోరాడు. గంధకం గొలుసుల మధ్య వంతెనలు కడుతుంది. సాగదీసినా రబ్బరు తిరిగి తన ఆకృతికి వస్తుంది. నూటికి రెండు మూడు పాళ్ల గంధకంతో మెత్తని రబ్బరు, ముప్పై పాళ్లకు చేరితే కఠినమైన ఎబొనైట్ తయారవుతాయి. రోమన్ల అగ్నిదేవుడు వల్కన్ పేరే ఈ ప్రక్రియకు పెట్టారు. మన పాఠ్యపుస్తకాల్లో వల్కనీకరణమైన ఆ మాట, పంక్చరు దుకాణాల బోర్డులపై వల్కనైజింగ్‌గానే నిలిచింది.

1888లో డన్‌లప్ గాలి టైరు, ఆపై మోటారు కారు వచ్చాక బ్రెజిల్ అడవి రబ్బరు చాలలేదు. 1876లో విక్‌హామ్ బ్రెజిల్ నుంచి క్యూ ఉద్యానానికి తెచ్చిన విత్తనాల సంతతి మరుసటి ఏడు సింగపూరు చేరి, ఇరవయ్యో శతాబ్ది ఆరంభానికి మలయా తోటలుగా విస్తరించింది. తమిళులతోపాటు విశాఖపట్నం, గోదావరి, చిత్తూరు ప్రాంతాల తెలుగువారూ ఆ తోటలకు వెళ్లారు. 1907లో కూలీల రాకకై ఏర్పడిన నిధికి మాత్రం 'తమిళ వలస నిధి' అని పేరు. దస్తావేజుల్లో తెలుగువారు కనబడకపోవడానికి ఇటువంటి పేర్లూ కారణమే.

తెల్లవారుజామున, చల్లదనంలో పాలు బాగా కారే వేళ, కూలీ చెట్టు బెరడు గీసేవాడు. ఆ పాలను ఆమ్లంతో గడ్డకట్టించి, రోలర్లతో పలుచని షీట్లుగా ఒత్తి పొగబెట్టేవారు. పొగ తేమను, బూజును నివారిస్తుందే గాని వల్కనీకరణం చేయదు. గంధకం కలిసేది ఆక్రన్, బర్మింగ్‌హామ్ వంటి నగరాల కార్ఖానాల్లో. ముడిషీటు ధర ఆ కార్ఖానాల గిరాకీతో ఎగసిపడేది. కూలీ బతుకు ఆ ధరకు ముడిపడేది. 1910లో ధర శిఖరానికి చేరినప్పుడు తోటలు కొత్త కూలీలను పిలిచాయి. 1930 తరువాతి మాంద్యంలో వేలాది భారతీయ కూలీలను తిప్పి పంపాయి. 1938లో భారత ప్రభుత్వం సహాయక కూలీ వలసను నిషేధించింది. అప్పటికే అక్కడ స్థిరపడిన తెలుగువారు 1955లో మలయా ఆంధ్ర సంఘాన్ని స్థాపించుకున్నారు.