క్లబ్బు కంటే ముందే కట్టిన స్టేడియం

గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం ఏ ఫుట్‌బాల్ క్లబ్బు కోసమూ పుట్టలేదు. 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో-ఆసియా క్రీడల ఊపులో ప్రభుత్వం పరుగు ట్రాకు చుట్టూ గ్యాలరీలు లేపింది. ట్రాకు ఉన్నందువల్ల ప్రేక్షకుడు గోల్‌పోస్టుకు దూరంగానే కూర్చోవాలి. హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చి 2019 నవంబరు 2న కేరళ బ్లాస్టర్స్‌ను 2-1తో ఓడించి సొంతగడ్డ మీద బోణీ కొట్టేనాటికి, స్టేడియం ఎక్కడ ఉండాలో, ఎంత ఉండాలో ఎప్పుడో తేలిపోయింది. అంతకుముందు ఫతేమైదాన్‌దీ ఇదే వరస. 1967లో లాల్‌బహదూర్ స్టేడియంగా మారిన ఆ మైదానం టెస్టు క్రికెట్‌కూ, సభలకూ పనికొచ్చింది; 1983లో ఎన్టీఆర్, 2023లో రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రులుగా ప్రమాణం చేసింది అక్కడే. 2008 ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్పుకు మన నగరమే ఆతిథ్యమిచ్చినా, వానల దెబ్బకు ఫైనల్‌ను ఢిల్లీకి తరలించారు. ఈ నగరంలో స్టేడియాలు పెరిగింది ఉత్సవాల లెక్కన. వారం వారం వచ్చే ప్రేక్షకుడి లెక్కన కాదు.

సొంత స్టేడియం లేకపోతేనేం, రహీం సాబ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదు రోవర్స్ కప్పులు బొంబాయిలోనే గెలిచిందిగా అనవచ్చు. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీకి ఐఎస్ఎల్ కప్పూ గోవాలోనే వచ్చింది. కోవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం అక్కడే జరిగింది. అయితే పోలీసు ఆటగాడికి జీతం శాఖ ఇచ్చేది, టికెట్ అమ్ముడైనా కాకున్నా ఇల్లు గడిచేది. ప్రొఫెషనల్ క్లబ్బుకు ఆ ధీమా లేదు. జీతాల బకాయిలతో చితికిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. నేరమంతా స్టేడియానిదే అంటే అన్యాయం. అప్పు చేసింది గ్యాలరీలు కావు. కానీ ఊళ్లో వేళ్లూనుకున్న క్లబ్బును అంత తేలిగ్గా పెకలించలేరు.

స్టేడియం దూరమైతే క్లబ్బు ఊళ్లో వేళ్లూనుకోదన్న మాట నగరానికి తూర్పున ఉన్న ఎల్బీ నగర్ నుంచి చూస్తే మరింత స్పష్టం. దిల్‌సుఖ్‌నగర్ మీదుగా వెళ్లే మెట్రో అసెంబ్లీ స్టేషన్‌లో దింపితే పాత లాల్‌బహదూర్ స్టేడియం దగ్గరే. గచ్చిబౌలికైతే అమీర్‌పేటలో రైలు మారి, రాయదుర్గంలో దిగి, మళ్లీ ఆటో వెతుక్కోవాలి; రాత్రి ఆట ముగిశాక తిరుగు ప్రయాణం సరేసరి. తూర్పు వైపు సరూర్‌నగర్‌లో ఉన్నది ఇండోర్ స్టేడియం, ఉప్పల్‌లో ఉన్నది క్రికెట్‌ది. ఉప్పల్‌కు జనం ఎగబడుతున్నారంటే అది క్రికెట్ మోజే అంటారు. మోజు నిజమే, దగ్గరితనమూ నిజమే. శ్రీనిధి డెక్కన్ ఫుట్‌బాల్ క్లబ్బు అజీజ్‌నగర్‌లో చిన్న సొంత మైదానంతో మొదలుపెట్టిన పద్ధతి నాకు సబబనిపిస్తుంది, అదీ నగరానికి పడమటి కొసనే ఉన్నా: ముందు క్లబ్బు, తర్వాత దానికి సరిపడా గ్యాలరీ.