చేయి వణికినా చెదరని బొమ్మ

1869లో బందరులో జన్మించిన రఘుపతి వెంకయ్యగారు మద్రాసులో ఫొటో స్టూడియో నడిపిన కాలంలో, బొమ్మ చెదరకుండా కాపాడే భారం మూడుకాళ్ళ స్టాండుదే. తరువాత ఆ భారాన్ని యంత్రమే తలకెత్తుకున్నది. 1995లో కేనన్ సంస్థ, మార్చుకోదగిన కటకం లోపలే కొన్ని గాజుబిళ్ళలను చేతివణుకుకు ఎదురుగా కదిలించింది. దూరదృశ్యాలకు ఈ పద్ధతి మేలు. 2003లో మినోల్టా సంస్థ డైమేజ్ ఏ1 కెమేరాలో, బొమ్మ పడే సెన్సారునే కదిలించింది. మరుసటి ఏడు ఆ ఏర్పాటు కటకాలు మార్చుకొనే కెమేరాలోనికి రాగా, పాత కటకాలకూ నిలకడ అబ్బింది. నేడు రెండూ కలసి పనిచేస్తున్నవి.

అరవై దాటిన నాబోటి చేతులకు ఇది వరమే. ఘంటసాల బౌద్ధశిల్పాన్ని మసక వెలుతురులోనూ తీయవచ్చును. అయితే మిత్రులారా, ఇది మన వణుకుకే మందు, ఎదుటి కదలికకు కాదు. కూచిపూడిలో సత్యభామ జడ విసిరిన క్షణాన్ని పట్టడానికి నేటికీ షట్టరు వేగమే శరణ్యం.